కొత్త ఆల్బమ్‌ల మీద ఇక స్టార్లు ఉండవు

మా రికార్డుల షాపుకి వచ్చే అందరికీ నమస్కారం. ఈ వారం నుంచి కొత్త ఆల్బమ్‌ల ర్యాకులో ఒక మార్పు చూస్తారు. ఇన్నాళ్లూ కవర్ మీద అంటిస్తూ వచ్చిన విమర్శకుల రేటింగ్ స్టిక్కర్లు, అంటే నాలుగు స్టార్లు, పదికి 8.4 లాంటివి, తీసేస్తున్నాం. వాటి బదులు రికార్డు వెనకాల ఒక కార్డు ఉంటుంది. మీలో చాలామంది ఆ స్టిక్కర్ చూసే ఏది కొనాలో తేల్చుకుంటున్నారు కాబట్టి, కారణం వివరంగా చెప్పాల్సిన బాధ్యత నాది.

విమర్శకుల మీద నాకు కోపమేమీ లేదు. నేనంతట నేను ఎప్పటికీ ముట్టుకోని సంగీతం దగ్గరికి చేయి పట్టుకుని తీసుకెళ్లింది వాళ్ల రాతలే. పక్కన పెడుతున్నది అంకెని మాత్రమే.

ఆ అంకె ఎలా పుడుతుందో చూడండి. 2001లో మొదలైన మెటాక్రిటిక్ అనే వెబ్‌సైట్ పత్రికల సమీక్షలన్నిటినీ నూటికి మార్చి సగటు కడుతుంది. ఒక్కో పత్రికకి ఒక్కో బరువు ఇస్తుంది. సమీక్షకుడు అసలు మార్కులే వేయకపోతే, రాసింది చదివి ఆ సైటు వాళ్లే ఒక అంకె వేస్తారు. ఇప్పుడు నూటికి 75 వచ్చిన రెండు ఆల్బమ్‌లు పక్కపక్కన ఉన్నాయనుకోండి. ఒకదాన్ని అందరూ పర్వాలేదన్నారు. రెండోదాన్ని సగం మంది నెత్తిన పెట్టుకున్నారు, సగం మంది తిట్టిపోశారు. స్టిక్కర్ మీద రెండూ ఒకటే. నా అనుభవంలో మీరు ఏళ్ల తరబడి గుర్తుంచుకుని మాట్లాడేది మాత్రం ఆ రెండో రకం గురించే.

రాక్ విషయానికొస్తే, 1970లో బ్లాక్ సబాత్ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌ని విమర్శకుడు లెస్టర్ బ్యాంగ్స్ రోలింగ్ స్టోన్ పత్రికలో చీల్చి చెండాడాడు. క్రీమ్ బ్యాండ్‌లా ఉంది కానీ అంతకంటే నాసి అన్నాడు. ఆ తీర్పు నిలబడలేదని అందరికీ తెలుసు. నాకు ముఖ్యమనిపించేది ఇంకోటి: క్రీమ్ అంటే ప్రాణమిచ్చేవాడు ఆ సమీక్ష చదివితే, ఆల్బమ్ ఎటువైపు ఉంటుందో వాడికి తెలిసిపోతుంది, వెళ్లి కొనుక్కుంటాడు కూడా. తిట్టులోనూ సమాచారం ఉంది. అదే సమీక్షని ఒక స్టారుగా కుదిస్తే ఆ సమాచారమంతా పోయి తిట్టు మాత్రం మిగులుతుంది.

అంకెలు మారతాయి కూడా. గాయని లిజ్ ఫెయిర్ 2003లో తన పేరుతోనే తెచ్చిన ఆల్బమ్‌కి పిచ్‌ఫోర్క్ అనే సంగీత పత్రిక పదికి 0.0 వేసింది. 2021లో పాత రేటింగులు కొన్నిటిని సవరిస్తూ దాన్ని 6.0 చేసింది. పాటల్లో ఒక్క స్వరం కూడా మారలేదు. వినేవాళ్లు మారారు, పాప్‌ని చిన్నచూపు చూసే అలవాటు మారింది. 2014లో టేలర్ స్విఫ్ట్ ‘1989’ని అదే పత్రిక అసలు సమీక్షించనే లేదు. మరుసటి ఏడాది రాక్ గాయకుడు రయన్ ఆడమ్స్ ఆ పాటలన్నీ తన పద్ధతిలో పాడితే మాత్రం దానికి సమీక్ష రాసింది. స్విఫ్ట్ ఆల్బమ్‌కి 2019 దాకా చోటు దొరకలేదు. ఇప్పుడు ఒత్తిడి ఎదురు దిశలో ఉంది. 2024 ఏప్రిల్‌లో ఆమె కొత్త ఆల్బమ్ మీద పేస్ట్ పత్రిక వేసిన విమర్శకి రాసినవారి పేరే పెట్టలేదు. 2019లో ఆమె మరో ఆల్బమ్‌ని విమర్శించిన వ్యక్తికి బెదిరింపులు వచ్చాయని కారణం చెప్పింది. పేరు పెట్టుకోవడానికి భయపడే పరిస్థితుల్లో వచ్చే అంకెని మీ చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు.

ఇక అసలు కారణం. స్టిక్కర్ల వల్ల ఎక్కువగా నష్టపోయినవి ఫోక్, అంటే జానపద సంగీతపు ఆల్బమ్‌లు. మెటాక్రిటిక్ సగటు కట్టాలంటే కనీసం నాలుగు సమీక్షలు కావాలి. చాలా ఫోక్ రికార్డులకి అన్ని రావు. ఈ సంగీతానికే అంకితమైన ఎఫ్‌రూట్స్ పత్రిక నలభై ఏళ్లు నడిచి 2019లో ఆగిపోయింది. గార్డియన్ లాంటి పెద్ద పత్రికలో నెలకొక ఫోక్ ఆల్బమ్‌ని ఎంచి చెప్తారు, అది మేలే, కానీ ఆ నెలలో వచ్చిన మిగతావాటి సంగతి? మా ర్యాకులో అవి స్టిక్కర్ లేకుండా నిలబడేవి. పక్కన ఉన్నవాటికి మార్కులుండి దీనికి లేకపోతే, బాగా లేదు కాబోలు అనుకోవడం సహజం. మీ వేళ్లు వాటిని దాటుకుంటూ పోవడం కౌంటర్ వెనకాల నుంచి చూస్తూనే ఉన్నాను.

పైగా ఫోక్‌ని తూచే పద్ధతే వేరు. పాత ఇంగ్లిష్, స్కాటిష్ జానపద పాటల్ని సేకరించిన పండితుడు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 1882 నుంచి 1898 వరకు అచ్చువేసిన సంకలనంలో 305 కథాగేయాలున్నాయి. ఒక్కో పాటకి ఎన్నో పాఠాలు, అంటే మాటలు మారిన రూపాలు. ‘బార్బరా అలెన్’ అందులో 84వది. దాన్ని ఈ రోజు ఎవరైనా పాడితే కొత్త పాట రాయలేదని మార్కులు తగ్గించడంలో అర్థం లేదు. ఏ పాఠం తీసుకున్నారు, ఏ చరణాలు వదిలేశారు, లయ ఎంత సాగదీశారు, గొంతుకి తోడుగా ఏం పెట్టారు, ఇవీ వినాల్సినవి. రాక్, పాప్‌లతో పాటు ఫోక్‌కి కూడా ఒకే కొలబద్ద పెట్టి దశాంశాల్లో మార్కులేస్తే ఇవేవీ కనిపించవు.

కార్డు ఎలా ఉంటుందో చెప్తాను. డబ్లిన్‌కి చెందిన లాంకమ్ బృందం 2023లో తెచ్చిన ‘ఫాల్స్ లాంకమ్’ దగ్గర ఇలా రాశాం: “మొదటి పాటే దాదాపు తొమ్మిది నిమిషాలు. గొంతుతో మొదలవుతుంది. తర్వాత ఒకే స్వరం కింద నుంచి పెరుగుతూ వచ్చి గది నిండిపోతుంది. శోకగీతం. హాయిగా సాగే ఫోక్ కావాలనుకుంటే ఇది కాదు. ఒకే స్వరం ఆగకుండా మోగే డ్రోన్ సంగీతం, నెమ్మదిగా కదిలే భారీ రాక్ ఇష్టమైతే తప్పక వినండి. పాటల మధ్య ఖాళీ దాదాపు ఉండదు కాబట్టి మధ్యలో ఎత్తి ఒక పాట వినేకంటే ఒక వైపు పూర్తిగా వినడం మంచిది.” కింద రాసినవాళ్ల పొడి అక్షరాలు. రెండు వైపులా పూర్తిగా వినకుండా మాలో ఎవరూ కార్డు రాయరు. రిలీజ్ రోజున కార్డు లేకపోతే ఇంకా వింటున్నామని అర్థం.

విమర్శకుల సమీక్షలు ఎక్కడికీ పోవు. హెడ్‌ఫోన్స్ టేబుల్ దగ్గర ఒక ఫైలు పెడుతున్నాం. ఒక్కో ఆల్బమ్‌ మీద మెచ్చుకున్న సమీక్ష ఏ పత్రికలో వచ్చింది, ఒప్పుకోని సమీక్ష ఎక్కడ వచ్చింది, ఇద్దరూ దేని దగ్గర విడిపోయారు అన్నది అందులో రాసి ఉంటుంది. ఇద్దరూ ఒకే పాట గురించి గొడవపడితే ముందు ఆ పాటే పెట్టి వినండి.

వ్యాపారపరంగా దీని ఖర్చు నాకు తెలుసు. మంచి రేటింగ్ వచ్చిన శుక్రవారం ఆ ఆల్బమ్ చకచకా కదులుతుంది. స్టిక్కర్ లేకపోతే ఆ ఊపు తగ్గుతుంది. అయితే డిస్ట్రిబ్యూటర్‌కి ఆర్డర్ ఇచ్చేది సమీక్షలు రావడానికి వారాల ముందు, అమ్ముడుపోక మిగిలిన ఎల్పీ రికార్డులు వాళ్లు వెనక్కి తీసుకోరు. అందుకని బాగా ప్రచారం జరిగే రాక్, పాప్ ఆల్బమ్‌లు ఇకపై తక్కువ కాపీలే తెప్పిస్తాం. మీకు ఖాయంగా కావాలంటే ముందే చెప్పి పేరు రాయించుకోండి. అలా మిగిలిన చోటు, డబ్బు ఫోక్ ర్యాకుకి వెళ్తాయి. ఇప్పుడున్న ఒక వరస రెండు వరసలవుతుంది.

పాత స్టాకు మీద స్టిక్కర్లు కొన్నాళ్లు కనిపిస్తాయి, కవర్ చిరగకుండా ఊడదీయడానికి టైం పడుతుంది. రేటింగ్ తెలిస్తేనే కొంటాననేవాళ్లు కౌంటర్‌లో అడగండి, చూసి చెప్తాం. కార్డులో రాసినదానితో మీరు ఏకీభవించకపోతే వెనక వైపు ఖాళీ వదిలాం, మీ మాట అక్కడ రాసి ర్యాకులోనే పెట్టేయండి.