విటమిన్ ఇ బూజును ఆపదు

సంపాదకుల వారికి,

రెండు ఆదివారాల కిందట మీ మహిళల పేజీలో వేసిన కలబంద నూనె చిట్కా గురించి ఈ ఉత్తరం. ఆ రోజే రాయాల్సింది. సీసా ఏమవుతుందో చూద్దామని ఆగాను.

పచ్చి కలబంద గుజ్జు మిక్సీ పట్టి, కొబ్బరినూనెలో కలిపి, రెండు విటమిన్ ఇ గొట్టాలు పిండితే ఆరు నెలలు నిల్వ ఉంటుందన్నారు. మా కోడలు ఆ సాయంత్రమే చేసింది. ఆరు నెలలు ఎందుకు, పదకొండో రోజుకే సీసా అడుగున నీరు చేరింది. ఆ నీటికీ నూనెకూ మధ్య బూడిదరంగు పొర. మూత తీస్తే పులిసిన వాసన.

విటమిన్ ఇ చేసేదల్లా నూనె త్వరగా కనరు వాసన రాకుండా చూడటం. బూజును, బ్యాక్టీరియాను అది ఆపదు. తడి తగలని ఉత్తి నూనెలో అవి పెరగవు కాబట్టి అక్కడ వేరే ప్రిజర్వేటివ్ అక్కర్లేదు. కలబందో, రోజ్ వాటరో పడిందా, లెక్క మారిపోతుంది. అప్పుడు ఫినాక్సీ ఇథనాల్ లాంటి ప్రిజర్వేటివ్ కావాలి, అదీ 1 శాతం దాటకుండా కొలిచి. పచ్చళ్లలో వేస్తారు కదా అని సోడియం బెంజోయేట్ చిటికెడు వేసే మహానుభావులూ ఉన్నారు. పచ్చట్లో పులుపుంది కనుక పనిచేస్తుంది. నూనెలో అది కరగనే కరగదు.

మా అమ్మ గుంటగలగరాకు నూనె కాచి, ఒత్తి ముంచి వెలిగించేది. చిటపటమంటే ఇంకా తడి ఉన్నట్టే, మళ్లీ పొయ్యి మీదకి. ఆవిడ చదివింది ఐదో తరగతి.

ఇంట్లో వాడుకునేవాళ్ల సంగతి సరే, ఎగ్జిబిషన్లలో అమ్మేవాళ్లనేమనాలి? మొన్న ఒక స్టాల్లో కలబంద క్రీము డబ్బా తిప్పి చూశాను. ‘నో కెమికల్స్’ అని పెద్దక్షరాలు. బ్యాచ్ నంబరు లేదు, తేదీ లేదు, లైసెన్సు ఊసే లేదు. 2020లో కాస్మెటిక్స్ రూల్స్ అని కేంద్రం తెచ్చింది, అమ్మడానికి తయారుచేస్తే లైసెన్సు ఉండాలి, ఇవన్నీ లేబుల్ మీద ఉండాలి. చూసే నాథుడేడీ? రిబ్బను కత్తిరించడానికి మాత్రం అధికారులు వరసగా నిలబడతారు.

మీరైనా అంతే. ఒకప్పుడు రైలు టైము తప్పుపడితే మర్నాడు సవరణ వేసేవారు. ఈ చిట్కాకి ఇంతవరకూ ఒక్క ముక్క లేదు.

సీసా పారేయలేదు. చిట్కా రాసినవారి అడ్రసు ఇస్తే పంపిస్తాను, ఇంకా ఐదున్నర నెలలు వాడుకోవచ్చు.

– ఒక పాఠకురాలు, తెనాలి