పాట పొట్టిదైతే ఓపిక లేనట్టేనా?

ఎడిటర్ గారికి నమస్తే,

పోయిన ఆదివారం మీ సప్లిమెంట్‌లో పాటలు రానురాను ఎందుకు పొట్టివైపోతున్నాయి అని వచ్చిన వ్యాసం చదివాను. చాలావరకు బానే ఉంది, ఫోన్లు వచ్చాక ఎవరికీ ఓపిక లేదు, పదిహేను సెకన్లు దాటితే వేలు జారిపోతోంది, అందుకే పల్లవి తెచ్చి ముందే పెట్టేస్తున్నారు, ఇదంతా నేనూ ఒప్పుకుంటాను. కానీ మధ్యలో ఒక పేరాలో హార్డ్‌కోర్ పంక్ (అంటే గిటార్, డ్రమ్స్ పెట్టి మహా ఫాస్ట్‌గా, మహా గట్టిగా వాయించే రాక్ మ్యూజిక్) సంగతి ఎత్తుకుని, 1.316 సెకన్ల పాట ఒకటి గిన్నిస్ బుక్‌కెక్కింది, ఈ గోలంతా 1987లో ఇంగ్లాండ్‌లో మొదలైంది, ఒకరకంగా వీళ్ళే ఇప్పటి రీల్స్‌కి తాతలు అని రాసేశారు చూడండి, అక్కడ నాకు మండింది. ఒకే పేరాలో రెండు తప్పులు. ఒకటి తేదీ, అది దిద్దడం సులువే. రెండోది ఆ పాటలు ఎందుకు పొట్టివో చెప్పిన కారణం, అది మాత్రం కాస్త విడమర్చి చెప్పాలి, ఉత్తరం పొడుగైతే ఏమనుకోకండి.

ముందు తేదీ సంగతి. మీరు చెప్పిన ఆ సెకను పాట నేపామ్ డెత్ అనే ఇంగ్లాండ్ బ్యాండ్ వాళ్ళది, 'స్కమ్' అనే ఆల్బమ్‌లోది, బర్మింగ్‌హామ్, 1987, ఇక్కడిదాకా కరెక్టే. (సరదాకి చెప్తున్నా, ఆ ఆల్బమ్ ఒక వైపు వాయించినవాళ్ళు వేరు, రెండోవైపు వాయించినవాళ్ళు వేరు, రెండు వైపులా ఉన్నది డ్రమ్మర్ మిక్ హారిస్ ఒక్కడే.) కానీ ఆ కుర్రాళ్ళు ఎవర్ని విని అంత స్పీడుకి తెగించారో ఆ ముక్క వ్యాసంలో లేదు. వాళ్ళు చెవులకి వేసుకుని తిరిగినవాటిలో ఒక అమెరికా బ్యాండ్ ఉంది, పేరు సీజ్. మసాచుసెట్స్ రాష్ట్రంలో బోస్టన్‌కి దక్షిణాన వేమత్ అనే ఊరు, నలుగురు కుర్రాళ్ళు. కెవిన్ మహోనీ పాడతాడు, పాడతాడు అనాలో గొంతు చించుకుంటాడు అనాలో మీ ఇష్టం, గిటార్ కర్ట్ హాబెల్ట్, బాస్ హ్యాంక్ మెక్‌నమీ, డ్రమ్స్ రాబర్ట్ విలియమ్స్. 1984లో రేడియోబీట్ అనే స్టూడియోలో లూ జోర్డానో అనే ఇంజనీర్ దగ్గర కూర్చుని ఆరు పాటలు రికార్డ్ చేశారు. దాని పేరు 'డ్రాప్ డెడ్'. అంటే 'స్కమ్' కన్నా మూడేళ్ళు ముందు.

రికార్డ్ రికార్డ్ అంటున్నాను గానీ అప్పట్లో అది రికార్డే కాదు, డెమో క్యాసెట్. కంపెనీ లేదు, షాపులో ర్యాక్ లేదు. మరుసటి ఏడాది, 1985లో, పుష్‌హెడ్ అనే బొమ్మలేసే ఆయన వేసిన 'క్లీన్స్ ద బాక్టీరియా' అనే కలెక్షన్‌లో వీళ్ళవి ఇంకో మూడు పాటలు వచ్చాయి, ఆ తర్వాత బ్యాండ్ చెల్లాచెదురైపోయింది. ఆ డెమోని రిలాప్స్ అనే కంపెనీ సరిగ్గా డిస్క్‌గా వేసింది 1990లలో, అప్పటికి దాన్ని విని బ్యాండ్లు పెట్టినవాళ్ళ బ్యాండ్లు కూడా పాతబడిపోయాయి!

మరి షాపులో లేని సరుకు సముద్రం దాటి ఎలా వెళ్ళింది అంటే, పోస్టులో. అప్పట్లో టేప్ ట్రేడింగ్ అని ఉండేది, నా దగ్గరున్న క్యాసెట్ కాపీ చేసి నీకు పంపిస్తా, నీ దగ్గరున్నది నాకు పంపు, డబ్బు ప్రసక్తి లేదు. ప్రతి కాపీకి ఇంకాస్త బరబర ఎక్కుతుంది, నాలుగైదు చేతులు మారేసరికి గిటార్ ఎక్కడ ఆగి టేప్ రొద ఎక్కడ మొదలైందో తెలీదు, ఈ రకం మ్యూజిక్‌కి అది పెద్ద నష్టం కూడా కాదనుకోండి. స్టాంపుల ఖర్చు తప్పించుకోడానికి వాటిమీద పల్చగా జిగురు పూసి పంపేవాళ్ళు, పోస్టాఫీసు ముద్ర ఆ జిగురు మీద పడుతుంది, అందుకున్నవాడు స్టాంపు నీళ్ళలో నానేస్తే జిగురుతోపాటు ముద్ర కూడా ఊడొచ్చేస్తుంది, అదే స్టాంపు మళ్ళీ అంటించి జవాబు రాసేయొచ్చు. తప్పే, ప్రోత్సహించట్లేదు నేను, కానీ ఓపిక లేని మనుషులు చేసే పనేనా అది చెప్పండి? క్యాసెట్ ఒకటి చేతికొచ్చేదాకా వారాలు వారాలు ఎదురుచూసినవాళ్ళు వాళ్ళు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మీ వ్యాసం రాసినాయన లెక్క ప్రకారం వినేవాడికి ఓపిక లేదు కాబట్టి పాట పొట్టిది. సీజ్ దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క కుదరదు, వాళ్ళ పాటలు వినే జనం ఎంతమంది ఉన్నారని వాళ్ళకోసం కొలిచి కోయడానికి? కొలత స్పీడులోంచి వచ్చింది. విలియమ్స్ తర్వాత్తర్వాత చెప్పుకున్నదేంటంటే, తమకి దొరికిన అతి ఫాస్ట్ పంక్ బ్యాండ్లన్నీ విని, కావాలని వాటికన్నా ఫాస్ట్‌గా ఉండేట్టు పాటలు కట్టేవాళ్ళట. అంటే పందెం, అంతే, కుర్రాళ్ళ పందెం. అప్పటికే ఇంగ్లాండ్‌లో డిస్చార్జ్ అనే బ్యాండ్ ఉంది, అమెరికాలోనే హ్యూస్టన్‌లో డి.ఆర్.ఐ. అనే బ్యాండ్ వాళ్ళు 1983లో ఒక చిన్న ఏడంగుళాల డిస్క్‌లో 22 పాటలు కుక్కేశారు, వాళ్ళని దాటాలి.

ఈ స్పీడ్ అంటే ఏంటో చదివితే అర్థం కాదు, చేసి చూడాలి. బల్లమీద కుడిచెయ్యి వేలు, ఎడమచెయ్యి వేలు ఒకదాని తర్వాత ఒకటి ఎంత ఫాస్ట్‌గా కొట్టగలరో అంత ఫాస్ట్‌గా కొట్టండి, మధ్యలో ఆపకూడదు, తడబడకూడదు, రెండు దెబ్బల మధ్య ఎడం మారకూడదు. నేను గడియారం ముందు పెట్టుకుని చేశాను, ఇరవై సెకన్లకి ముంజెయ్యి బిగుసుకుపోయింది, నలభైకి లయ పోయింది, నిమిషానికి నవ్వొచ్చేసి ఆపేశాను. అదీ ఉత్త వేళ్ళతో. డ్రమ్మర్‌కి చేతుల్లో కర్రలు, కింద కాలితో కిక్ డ్రమ్, పైన సింబల్, ఒక్కో దెబ్బా గట్టిగా పడాలి, ఎదురుగా రెండు ఆంప్లిఫయర్లు మోగుతుంటే వాటిని దాటి వినపడాలి. అలాంటప్పుడు రెండో చరణం, మూడో చరణం, మళ్ళీ పల్లవి, మధ్యలో గిటార్ సోలో అంటూ కూర్చుంటే వాడి భుజాలు ఏమైపోవాలి? అందుకే మామూలు పాటలో నాలుగుసార్లు తిరిగే రిఫ్ (తిప్పి తిప్పి వాయించే గిటార్ ముక్క) ఇక్కడ రెండుసార్లు తిరిగి మాయమైపోతుంది, చెప్పాల్సింది చెప్పేసి ఆగిపోతుంది. రీల్‌కి అతికే పాటలో ఒకే ముక్క తిప్పి తిప్పి వేస్తారు కదా, ఇది దానికి పూర్తిగా రివర్సు, ఒక్కసారి జారిందంటే మళ్ళీ చేతికి దొరకదు, చెవులు రిక్కించుకుని కూర్చోవాలి.

పోనీ ఇదంతా నా అభిమానం కొద్దీ చెప్తున్నాను అనుకుంటే, ఆ క్యాసెట్‌లోనే ఒక సాక్ష్యం ఉంది, ఆరో పాట, 'గ్రిమ్ రీపర్'. అప్పటిదాకా పరిగెత్తి పరిగెత్తి వచ్చినవాళ్ళు ఇక్కడ ఒక్కసారిగా నడక మందగిస్తారు, బాస్ ఈడ్చుకుంటూ వెళ్తుంటుంది, మహోనీ మైకులో అరిచి అరిచి తనే సాక్సోఫోన్ అందుకుంటాడు. సాక్సోఫోన్ అంటే పెళ్ళిలో వాయించేలా తియ్యగా ఏం ఉండదు, గాయపడ్డ జంతువు మూలుగులా ఉంటుంది. ఏడు నిమిషాల పైచిలుకు అలాగే సాగుతుంది! ఓపిక లేనివాళ్ళు, ఓపిక లేని జనంకోసం వాయించేవాళ్ళు, ఉన్న ఆరు పాటల్లో ఒకదానికి ఏడు నిమిషాలు ఎందుకిస్తారు? నాకు మొదట్లో ఆ పాట నచ్చేది కాదు, దాటేసేవాణ్ణి, నిజం చెప్పాలంటే అప్పుడు ఓపిక లేనిది నాకే. చాలాకాలానికి ఒక రాత్రి లేచి ఆపే బద్ధకం వల్ల చివరిదాకా విన్నాను, అప్పుడు గానీ ముందున్న ఐదు పాటలు అంత పరుగు ఎందుకు పెట్టాయో తలకెక్కలేదు, ఆ పరుగు లేకపోతే ఈ ఈడుపుకి బరువే రాదు.

స్పీడు, ఉన్నట్టుండి ఇలా నత్తనడక, మళ్ళీ స్పీడు, ఇదే పట్టుకుని కాలిఫోర్నియాలో ఇన్‌ఫెస్ట్ లాంటి బ్యాండ్లు ఇంకా ముందుకెళ్ళాయి, దానికే తర్వాత పవర్‌వయలెన్స్ అని పేరొచ్చింది. పేరు చూసి భయపడక్కర్లేదు, పాటల్లో చాలావరకు యుద్ధం వద్దు, ఆకలి చావులు ఏంటి, గొర్రెల మందలా ఒకడి వెనక ఒకడు పోవడం ఏంటి అన్న గొడవే. సీజ్ పాటల పేర్లే 'స్టార్వేషన్', 'కన్ఫార్మ్', కోల్డ్ వార్ రోజుల్లో ఏ క్షణాన ఏ బాంబు పడుతుందో అనుకుంటూ పెరిగిన పిల్లల భయం అది. అమెరికాలోనే ప్రావిడెన్స్ అనే ఊళ్ళో 1990ల మొదట్లో ఇంకో బ్యాండ్ పుట్టి ఏకంగా ఈ డెమో పేరే తమ పేరుగా పెట్టేసుకుంది, డ్రాప్‌డెడ్ అని. నేపామ్ డెత్ వాళ్ళు కూడా పెద్దవాళ్ళయ్యాక 'కన్ఫార్మ్' పాటని తిరిగి వాయించి రికార్డ్ చేశారు, అంటే అప్పు ఎవరికి ఉందో వాళ్ళే ఒప్పుకున్నట్టు కదా, మరి మీ వ్యాసంలో ఆ పద్దు ఎందుకు కొట్టేశారు?

కాబట్టి నా విన్నపం చిన్నదే. 1987లో ఇంగ్లాండ్‌లో మొదలైంది అన్నచోట, అంతకు మూడేళ్ళ ముందే, 1984లో, మసాచుసెట్స్‌లో సీజ్ ఉంది అని ఒక సవరణ వెయ్యండి, రెండు లైన్లు చాలు. వ్యాసం రాసినాయనకి ఆ ఆరో పాట మధ్యలో ఆపకుండా వినమని నా మాటగా చెప్పండి. ఇంకోటి, సవరణలో బ్యాండ్ పేరు ఒట్టి సీజ్ అని వేస్తే మన పాఠకులు పోలీసులు ఏదో లారీ పట్టుకున్నారనుకుంటారు, దయచేసి పక్కన ముట్టడి అనే అర్థంలో అని ఒక్క ముక్క కలపండి.

ఇట్లు,
ఆదివారం సప్లిమెంట్ వెనకనుంచి ముందుకి చదివే ఒక పాఠకుడు