చార్మినార్ రూపాయలు కరిగించే మూసలో పడుతున్నాయి

సంపాదకులకు,

వెండి కిలో లక్ష దాటినప్పటి నుంచి మా ఊరి నగల దుకాణాలకు పాత రూపాయలు ఎక్కువగా వస్తున్నాయి. అవ్వలు పెట్టెల్లో దాచిన హాలీ సిక్కాలు, అంటే నిజాంల హైదరాబాద్ సంస్థానపు వెండి రూపాయలు, పట్టీలుగా, కుందులుగా మారిపోతున్నాయి. అవసరం పడి అమ్ముకునేవారిని నేను తప్పుపట్టను. చేతిలో ఉన్నదేమిటో తెలియకుండానే కరిగించేయడమే నా బాధ.

ఆ రూపాయి బరువు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. బ్రిటిష్‌వారి పాత కల్దారు రూపాయిలో 91.7 శాతం ఉంటుంది గనుక దుకాణంలో హాలీ సిక్కాకు ఇంకా తక్కువ కడతారు. దాని మీది బొమ్మను ఎవరూ పట్టించుకోరు. 1857 దాకా హైదరాబాద్ నాణేల మీద మొగలు పాదుషా పేరుండేది. తర్వాత నిజాం వంశ మూలపురుషుడు అసఫ్ జా పేరు వచ్చింది. గత శతాబ్దం మొదట్లో, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో, యంత్రంతో అచ్చువేసిన రూపాయి మీదికి చార్మినార్ ఎక్కింది. బికనీర్, ఆల్వార్ సంస్థానాలు విక్టోరియా రాణి తల వేసుకుంటే, ఇక్కడ హైదరాబాద్ నడిబొడ్డు కట్టడాన్ని వేశారు. నా దృష్టిలో ఆ రూపాయి గొప్పతనమంతా అదే.

నాణెం మీది చార్మినార్ నడిమి కమానులో పాలకుడి పేరు మొదటి ఉర్దూ అక్షరం ఉంటుంది. ‘మీమ్’ అయితే మహబూబ్ కాలానిది. ‘ఐన్’ అయితే 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. ఉస్మాన్ తొలి నాణేల్లో కొన్నింటి మీద ఆ ఐన్ సగమే ఉంటుంది. సేకరించేవాళ్లు భూతద్దం పెట్టి వెతికేది వాటినే. నాణెం మీది 92 అంకె ముహమ్మద్ ప్రవక్త పేరులోని అరబిక్ అక్షరాలకు లెక్కకట్టే అంకెల విలువలు కూడితే వచ్చేది. ఇలాంటి నాణేన్ని మెరుపు కోసం చింతపండుతో తోమకండి, గీతలు అరిగిపోతాయి.

వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు. అనుమతి లేకుండా దేశం దాటిస్తే నేరం. అదే నాణేన్ని మూసలో వేస్తే మాత్రం అడిగేవారు లేరు.

హైదరాబాద్‌లోని సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో మ్యూజియం తెరిచారు. అక్కడా, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలోనూ, జిల్లా కేంద్రాల్లోనూ నెలకొక రోజు జనం తెచ్చిన నాణేలు చూసి ఏ కాలానివో చెప్పే మనిషిని కూర్చోబెట్టాలి. అరుదైనవి కనిపిస్తే వెండి ధర మీద కొంత కలిపి ప్రభుత్వమే కొనాలి. నగల వర్తకుల సంఘాలు కూడా ముందుకు రావాలి. కమానులో అక్షరం, హిజ్రీ సంవత్సరం ఎక్కడ చూడాలో తెలుగులో బొమ్మలతో ఒక కాగితం అచ్చువేసి ప్రతి దుకాణంలో తూకం పక్కనే అంటించాలి. అమ్మేవారికీ అది మేలే. అరుదైన ఏడాది నాణేనికి సేకర్తలు వెండి విలువకు ఎన్నో రెట్లు ఇస్తారు.

ఇట్లు,
ఒక నాణేల సేకర్త, కరీంనగర్