కోరంగి కథలో బర్మా తల్లుల బిడ్డలు ఏరి?

సంపాదకులకు నమస్కారం.

కోరంగి రేవు గురించి మీ జిల్లా సంచికలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. 1839 నవంబరు తుపానులో ఊరు ధ్వంసమైన తీరూ, తరువాతి కాలంలో మన కూలీలు కాకినాడలో స్టీమరెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళిన తీరూ, అక్కడ తెలుగువాళ్ళకు ‘కోరంగీలు’ అన్న పేరు స్థిరపడిన సంగతీ చక్కగా రాశారు. అయితే ఆ మగవాళ్ళలో కొందరు బర్మా స్త్రీలతో కాపురాలు పెట్టి పిల్లల్ని కన్నారన్న ఒక్క వాక్యమైనా అందులో లేకపోవడం నాకు బాధ కలిగించింది. మా అమ్మ అలా పుట్టిన పిల్లే.

తాతయ్య రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. 1930 మే నెలలో తెలుగు కూలీల సమ్మె ముగిసి, వారి స్థానంలో తీసుకున్న బర్మీయులను పనిలోంచి తీసేయడంతో అల్లర్లు చెలరేగి మనవాళ్ళు ఎందరో ప్రాణాలు కోల్పోయినప్పుడు, ఆయన్ను తన పుట్టింట్లో దాచి కాపాడింది అమ్మమ్మే. మూడేళ్ళకు అమ్మ పుట్టింది. వీధిలో పిల్లలు ఆమెను ‘కబ్యా’, అంటే రెండు జాతులకు పుట్టినది, అనేవారట.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. చంటిబిడ్డతో నడవలేక అమ్మమ్మ అక్కడే ఆగిపోగా, ఎనిమిదేళ్ళ అమ్మను వెంటబెట్టుకుని తాతయ్య ప్రోమ్ పట్టణం నుంచి అరకాన్ కొండలు దాటాడు. కలరాతో దారి పక్కన పడివున్నవారు కనిపించకుండా కండువాతో ఆమె కళ్ళు కట్టి భుజాన మోశాడు. తాళ్ళరేవు చేరిన నెల తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న, కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. అప్పుడు ఊళ్ళో కొందరు ఆమె కళ్ళూ ముక్కూ చూసి ‘జపాను పిల్ల’ అన్నారు. ఎవరి బాంబులకు తల్లి దూరమైందో వారి బిడ్డగానే తనను చూడటం అమ్మ చివరిదాకా మరచిపోలేదు.

1962లో బర్మాలో జనరల్ నే విన్ నాయకత్వంలో సైన్యం అధికారం చేజిక్కించుకుని, 1964లో దుకాణాలను జాతీయం చేశాక, బర్మా నుంచి తిరిగివచ్చిన తెలుగువారు ఎక్కడ ఉన్నారని తెలిసినా అమ్మ వెళ్ళి అమ్మమ్మ గురించి అడిగేది. కబురు దొరకలేదు. అమ్మ నిరుడు కాలం చేసింది.

నాటి పిల్లల్లో మిగిలినవారు ఇప్పుడు తొంభైకి అటూ ఇటూ ఉంటారు. మీ విలేకరులు కోరంగి, తాళ్ళరేవు, యానాం పరిసరాల్లో అటువంటివారి ఇళ్ళకు వెళ్ళి, వారి మాటలు వారి నోటనే రికార్డు చేసి ప్రచురించాలని వేడుకుంటున్నాను. తాతయ్య ట్రంకుపెట్టెలో బర్మా లిపిలో రాసిన రెండు ఉత్తరాలున్నాయి. మా ఇంట్లో ఎవరికీ చదవడం రాదు. చదవగలవారు మీ పాఠకుల్లో ఉంటే పత్రిక కార్యాలయానికి తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, తాళ్ళరేవు