వినబడని రైతును ఫోన్ చేయమంటే ఎలా?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ రొయ్యల మేత కంపెనీ యాప్‌లో వీడియోలకు, వాయిస్ మెసేజ్‌లకు క్యాప్షన్లు లేకపోవడం గురించి.

అయ్యా,

వీరవాసరం మండలంలో మాకు వనామీ రకం రొయ్యల చెరువులున్నాయి. మీ మేతే వాడుతున్నాం. నాకు వినబడదు. డిగ్రీలో ఉండగా జ్వరం వచ్చి వినికిడి పోయింది. తెలుగు మాత్రం బాగా చదువుతాను. మీ యాప్‌లో చదవడానికేమో ఏమీ ఉండదు. సలహాలన్నీ వీడియోలు, కౌంట్ల వారీ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే ఎంత ధర అనే) రేట్లన్నీ వాయిస్ మెసేజ్‌లు.

మొన్న వాయుగుండం పట్టినప్పుడు మీ టెక్నీషియన్ గారు లైవ్‌లోకి వచ్చారు. మబ్బు కమ్మితే చెరువులో ఆక్సిజన్ సరిగా తయారవదు, తెల్లవారుజాముకు మరీ పడిపోతుంది. నీటిలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఎప్పుడు వేయాలో, మేత ఎంత తగ్గించాలో ఆయన చెప్పే ఉంటారు. పెదాలు చూసి కొంత పట్టుకోగలను గానీ, ఆయన సగంసేపు చెరువు వైపు తిరిగి మాట్లాడారు. మీ లోగో మాత్రం చివరిదాకా స్పష్టంగా కనబడింది.

మీ వాళ్ళకు మెసేజ్ పెడితే ఆటో క్యాప్షన్ ఆన్ చేసుకోమన్నారు. మీ యాప్‌లో ఆ బటనే లేదు. పక్కన ఇంకో ఫోన్ పెట్టి, మాటల్ని అక్షరాలుగా మార్చే యాప్‌తో చూశాను. వైట్ గట్ అనే రొయ్యల జబ్బు పేరు 'వైట్ గట్టు' అని పడింది. దానికి నవ్వుకోవచ్చు. ఎకరానికి ఎన్ని కిలోల మినరల్స్ అన్న దగ్గర అంకె తప్పు పడితే నష్టం ఎవరిది? ఇంట్లో ఎవరైనా విని చెబుతారుగా అన్నారు మీ ఏరియా ఆఫీసరు. తెల్లవారుజామున రొయ్య పైకి తేలుతుంటే ఎవరిని లేపి వినిపించుకోవాలి? చివరికి ఫిర్యాదు ఇస్తానంటే టోల్‌ఫ్రీ నంబరుకు కాల్ చేయమన్నారు!

మా పెదనాన్న గారిది ఇంకో తంటా. షుగర్ వల్ల చూపు పోయింది, అయినా మేత లెక్క ఇప్పటికీ ఆయనదే. 'ఈ టేబుల్‌లో చూపించినట్టు వేసుకోండి' అని మీ వీడియో ఆయనకు చక్కగా వినిపిస్తుంది. టేబుల్‌లో ఏముందో ఎవరూ చదవరు. ఆ అంకెలు నోటితో చెప్పడానికి మీకు పైసా ఖర్చు కాదు.

ఇది దయ చూపమని అడగడం కాదు. ఆడియోలో, ఎలక్ట్రానిక్ మీడియాలో వచ్చే సమాచారం అందరికీ అందేలా, క్యాప్షన్లు, సైగల భాష, దృశ్యాన్ని మాటల్లో వివరించే ఆడియో ఉండేలా ప్రభుత్వం చూడాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. సేవలందించే ప్రైవేటు సంస్థలూ నిబంధనలు పాటించాలని 46వ సెక్షన్‌లో ఉంది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కూడా తీర్పిచ్చింది.

వీడియోలకు మనిషి చూసి సరిదిద్దిన తెలుగు క్యాప్షన్లు పెట్టండి. ముందు మేత, జబ్బులు, వాతావరణం వీడియోలకు పెట్టండి, పండగ శుభాకాంక్షలవి తర్వాత చూసుకోవచ్చు. రేట్లు అక్షరాల్లో కూడా పంపండి. నాకు అక్షరాలు చాలు గానీ, పుట్టుకతో వినికిడి లేక సైగల భాషలోనే పెరిగినవాళ్ళకు అవి సరిపోవు, వాళ్ళ కోసం సైగలు చేసే మనిషి కూడా తెరమీద ఉండాలి. ఫిర్యాదులకు మెయిల్, వాట్సాప్ పెట్టండి.

నెలలోగా మెయిల్‌లో జవాబు ఇవ్వండి. రాకపోతే ఇదే లేఖను రాష్ట్ర వికలాంగుల కమిషనర్ గారికి పంపుతాను.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
వీరవాసరం మండలం, పశ్చిమ గోదావరి జిల్లా