తెలిసింది వదిలేశారు, తెలియనిది హెడ్డింగు పెట్టారు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో తోకచుక్క వార్త చదివాను. మామూలు కంటికే కనిపించబోతోందని పెద్ద హెడ్డింగు, కింద మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) 6 అని ఒక అంకె, పక్కన పొడుగు తోకతో ఆకుపచ్చటి ఫొటో. ఏ దిక్కున చూడాలో ఎక్కడా లేదు. ఎన్ని గంటలకో లేదు. ‘ఈ రాత్రి’ అని మాత్రం ఉంది.

నేను ముప్పై ఏళ్లకు పైగా అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైనదాన్ని. 2007 అక్టోబరు నుంచి 10×50 బైనాక్యులర్‌తో తోకచుక్కలు చూసి నోటుబుక్కులో రాసుకోవడం అలవాటు. ఆ అనుభవంతో చెబుతున్నాను, తోకచుక్క దగ్గర రెండు ఖాతాలుంటాయి. ఎక్కడ ఉంటుందనేది ఒకటి, ఎంత వెలుగుతుందనేది రెండోది. మొదటిది పైసలతో సహా ట్యాలీ అవుతుంది. రెండోది ఎప్పుడూ సస్పెన్స్ అకౌంటే, అంటే లెక్క తేలక పక్కన పెట్టిన పద్దు. మీ వార్తలో మొదటిది అసలు లేదు, రెండోది హెడ్డింగులో ఉంది!

దీనివల్ల ఏమవుతుందో 2024 సెప్టెంబరు చివర్లో చూశాను. అప్పుడు వచ్చింది సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క. ఏదో పేపర్లో ‘ఈ రాత్రి’ అని చదివి మా మేడ మీదికి పిల్లాపెద్దా పదిమంది ఎక్కారు. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా పడమర వైపే చూశారు. నేను కింద నుంచి వెళ్లి, అమ్మా, అది తెల్లవారుజామున తూర్పున, సూర్యుడు వచ్చేముందు కాసేపు మాత్రమే కనిపిస్తుంది అంటే ఎవరికీ నచ్చలేదు. ఒక పిల్లాడు మాత్రం మర్నాడు నాలుగున్నరకే వచ్చి తలుపు కొట్టాడు. రెండు వారాల తర్వాత అదే తోకచుక్క నిజంగానే సాయంత్రం పడమరకి వచ్చింది, శుక్రుడికీ స్వాతి నక్షత్రానికీ మధ్య. అప్పుడు మేడ ఎక్కింది ఆ పిల్లాడూ నేనూ మాత్రమే. తక్కినవాళ్లు ఒకసారి మోసపోయాం చాలు అన్నారు.

ఆ తేదీలన్నీ నెలల ముందే తెలుసు. సెప్టెంబరు 27న సూర్యుడికి అతి దగ్గర, అక్టోబరు 12న భూమికి దగ్గర. కొత్త తోకచుక్క దొరికిన మొదటి రోజుల్లో కక్ష్య కాస్త అటూఇటూగా ఉంటుంది, నిజమే. వారాల తరబడి, రకరకాల చోట్ల నుంచి నక్షత్రాల మధ్య దాని స్థానాన్ని కొలిచి ఆ కొలతలన్నీ ఒకచోట చేర్చే మైనర్ ప్లానెట్ సెంటర్‌కి పంపిస్తూ ఉంటే లెక్క బిగుసుకుంటుంది. ఆ తర్వాత ఏ రోజు, ఏ గంటకి, ఏ నక్షత్రం పక్కన ఉంటుందో నాసా జెపిఎల్ వాళ్ల హొరైజన్స్ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. మీ విలేకరి కూడా.

ఈ లెక్కల మీద నాకున్న గౌరవం వృత్తిరీత్యా వచ్చింది. ఇంగ్లండు ఖగోళ శాస్త్రజ్ఞుడు హేలీ తన పేరుతో పిలిచే తోకచుక్క 1758 చివర్లోనో 1759 మొదట్లోనో వస్తుందని చెప్పి 1742లోనే పోయాడు. తర్వాత ఫ్రాన్సులో క్లెరో, లాలాండ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, నికోల్-రెన్ లెపోట్ అనే ఆవిడ కూర్చుని గురుడు, శని దాన్ని ఎంత లాగుతాయో నెలల తరబడి చేత్తో లెక్కగట్టారు. భోజనాల దగ్గర కూడా అదే పనట. గురుడి వల్ల 518 రోజులు, శని వల్ల 100 రోజులు ఆలస్యమని తేల్చి, 1759 ఏప్రిల్ మధ్యలో సూర్యుడికి దగ్గరవుతుందన్నారు. అయింది మార్చి 13న. అప్పటికి యురేనస్, నెప్ట్యూన్ ఉన్నాయనే ఎవరికీ తెలియదు. 76 ఏళ్ల లెడ్జరులో నెల తేడా! నేను నెలాఖరున బ్యాలెన్స్ షీట్‌కి పడ్డ పాట్లు గుర్తొచ్చి ఆవిడకి దణ్ణం పెట్టుకుంటాను.

కక్ష్య ఖాతాలో కూడా చిల్లర తేడాలు వస్తాయి. ఎంకె తోకచుక్క 3.3 ఏళ్లకోసారి వస్తుంది. ప్రతిసారీ లెక్కకన్నా రెండున్నర గంటలు ముందే వస్తోందని, దానికి ఎవరి పేరు పెట్టారో ఆ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎంకెనే పట్టుకున్నాడు. కారణం 1950లో ఫ్రెడ్ విపుల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు చెప్పాడు: అది దుమ్ము కలిసిన మంచుగడ్డ, ఎండ తగిలినచోట ఆవిరి చిమ్మి రాకెట్‌లా తననితాను తోసుకుంటుంది. తేడా ఉంది, కానీ అది గంటల్లో.

కాంతి సంగతి అలా కాదు. సూర్యుడి నుంచి దూరం సగమైతే కాంతి 16 రెట్లు పెరుగుతుందని మామూలుగా అనుకుంటారు. కొన్ని 4 రెట్లతోనే సరిపెడతాయి. ముఖ్యంగా మొదటిసారి సూర్యుడి దగ్గరికొచ్చేవి దూరంలో ఉన్నప్పుడే బాగా వెలిగి ఆశపెట్టి, దగ్గరికొచ్చాక చల్లబడతాయి. 1973లో కొహౌటెక్‌ని శతాబ్దపు తోకచుక్క అన్నారు, చెప్పినదాంట్లో కొంచెమే వెలిగింది. 2013లో ఐసాన్ గురించీ అంతే ఊదరగొట్టారు, నవంబరు 28న సూర్యుడి పక్కనుంచి వెళ్తూ ముక్కలైపోయింది. ఇటు హోమ్స్ తోకచుక్కని చూడండి. 2007 అక్టోబరులో మాగ్నిట్యూడ్ 17 దగ్గర ఎవరికీ పట్టకుండా పడున్నది రెండు రోజుల్లోపే 3 దగ్గరికి వచ్చేసింది, దాదాపు 5 లక్షల రెట్లు. నా నోటుబుక్కు మొదటి పేజీ అదే. ‘గుండ్రంగా దూదిపింజ, తోక లేదు’ అని రాసుకున్నాను.

మీరు వేసిన ఆ 6 గురించి. మామూలు కన్ను చీకటి ఆకాశంలో 6 దాకా చూడగలదంటే అది నక్షత్రానికి వర్తించే మాట. నక్షత్రం కాంతంతా ఒక్క చుక్కలో ఉంటుంది. తోకచుక్క 6 అంటే అదే కాంతి వెడల్పాటి మసకలో పరుచుకుని ఉంటుంది. వీధి దీపాల కింద దాన్ని కన్నుతో చూడటం కుదరని పని. అది దిగంతానికి దగ్గరగా ఉంటే గాలిలో ఇంకా తరుగుతుంది.

నేను ఎలా కొలుస్తానో చెబుతాను, ఇది మీ పాఠకులూ చేయొచ్చు. ముందు తోకచుక్క తల ఎంత వెడల్పు, ఎంత వెలుగు అన్నది చూసి గుర్తుపెట్టుకుంటాను. తర్వాత మాగ్నిట్యూడ్ తెలిసిన నక్షత్రం వైపు తిప్పి, అది కూడా అంతే వెడల్పుగా ఉబ్బేదాకా ఫోకస్ చక్రం తిప్పుతాను. దీనికన్నా తోకచుక్క వెలుగా, మసకా? ఇలా ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఉన్న రెండు నక్షత్రాల మధ్య దాన్ని ఇరికించి అంకె రాస్తాను. 2024 అక్టోబరులో ఇలాగే రాశాను: 14న సున్నాకి అటూఇటూ, నెలాఖరుకి 5 దగ్గర. అదే రాత్రి ఇంకొకరు అరో ఒకటో తేడాగా రాస్తే ఇద్దరమూ తప్పు కాదు. మాగ్నిట్యూడ్‌లో 1 అంటే రెండున్నర రెట్లని మాత్రం మర్చిపోకండి.

అందుకని నా మనవి ఇది. ఈసారి దిక్కు, టైము, దగ్గర్లో ఉన్న ప్రకాశవంతమైన నక్షత్రం పేరు పైన వెయ్యండి. ఎత్తు డిగ్రీల్లో అక్కర్లేదు, చాచిన చేతి పిడికిలి 10 డిగ్రీలు, ‘రెండు పిడికిళ్ల ఎత్తున’ అంటే పిల్లలకీ అర్థమవుతుంది. కాంతికి ఒక్క అంకె కాకుండా ‘4 నుంచి 6’ అని రాయండి, ఎప్పుడు చూసి చెప్పిందో తేదీ కూడా వెయ్యండి. బైనాక్యులర్ కావాలంటే కావాలని రాయండి. ‘దూసుకుపోతోంది’ అని మాత్రం రాయకండి. రాలే చుక్క అనుకుని జనం నిమిషంలో అయిపోతుందని కంగారు పడుతున్నారు. నిజానికి గంటసేపు తేరిపార చూసినా అది కదిలినట్టే అనిపించదు.

2027 ఫిబ్రవరిలో ఎంకె మళ్లీ సూర్యుడి దగ్గరికి వస్తోంది. దాని దిక్కు, టైము మీరు ముందుగా వెయ్యండి. ఎంత వెలిగిందో చూశాక నేను రాసి పంపిస్తాను.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు