కోర్టు పక్క కుర్చీ ఆడే పిల్లలకి వదిలేయండి

సంపాదకుడు గారికి నమస్కారం,

చెన్నైలో పిల్లల టెన్నిస్ టోర్నమెంట్లు చూసేవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది, చేంజోవర్ (గేముల మధ్య కోర్టు వైపులు మారే విరామం) వచ్చిందంటే చాలు అమ్మో నాన్నో గేటు తోసుకుని లోపలికొచ్చేస్తారు, బ్యాగు జిప్పు తీసి అరటిపండు ఒలిచి చేతిలో పెడతారు, అక్కడితో ఆగితే బానే ఉండేది, ఇంక క్లాసు మొదలవుతుంది. మొన్నొక మ్యాచ్‌లో ఒకాయనైతే ఏకంగా కూతురి కుర్చీలో తనే కూర్చున్నాడు, ఆ పిల్ల తువ్వాలు పట్టుకుని ఎండలో నిలబడి తిట్లు తింటోంది. రెఫరీ చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

అసలు ఆ విరామం ఎంతండీ, 90 సెకన్లు, సెట్ అయిపోతే 120. సెట్‌లో మొదటి గేమ్ తర్వాతా టైబ్రేక్ (సెట్ 6-6 అయితే ఆడే తేల్చే గేమ్) మధ్యలోనూ వైపు మారడమే గానీ కూర్చోవడానికే లేదు. దొరికిన ఆ కాస్తలోనే నీళ్లు తాగాలి, చెమట తుడుచుకోవాలి, తర్వాత గేమ్ ఎలా ఆడాలో తనే ఆలోచించుకోవాలి. 2008లో మన నుంగంబాకం స్టేడియంలోనే తోటి స్పెయిన్ ఆటగాడు మోయాతో దాదాపు నాలుగు గంటలు సెమీఫైనల్ ఆడిన నాదల్‌నే చూడండి, కుర్చీ ముందు రెండు సీసాలు ఒకదాని వెనక ఒకటి పెట్టుకునేవాడు, నెట్ దగ్గర అవతలివాడు దాటాకే తను దాటేవాడు. 2014 వింబుల్డన్‌లో ప్రత్యర్థి రోసోల్ అటుగా వెళ్తూ ఆ సీసా ఒకటి పడేస్తే అదే పెద్ద వార్త! అంత పట్టింపు ఉంటుంది ఆ నాలుగడుగుల చోటు మీద.

కోచింగ్‌కి ఇప్పుడు రూల్ ఒప్పుకుంటుంది కదా అని వాదిస్తారు కొందరు. నిజమే, 2025 జనవరి 1 నుంచి అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) ఒప్పుకుంది, కానీ అదీ ఆ టోర్నమెంట్‌లో అనుమతి ఉంటేనే, కోర్టు బయట నుంచే, రెండు ముక్కల్లో, ఆటకి అడ్డం రాకుండా. పక్కనే కూర్చుని చెప్పడం డేవిస్ కప్ లాంటి టీమ్ పోటీల్లో కెప్టెన్‌కి ఉన్న వీలు, అమ్మానాన్నలకి కాదు.

నిర్వాహకులు ఎంట్రీ ఫీజు ఎలాగూ తీసుకుంటున్నారు కాబట్టి ప్రతి కోర్టుకీ రెండు కుర్చీలు, వాటి మీద నీడకి గొడుగు, గేటు దగ్గర ఒక మనిషి ఉండేలా చూడాలి. డ్రా (ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే పట్టిక) అంటించే బోర్డు మీదే తల్లిదండ్రులు కోర్టు లోపలికి రాకూడదని కూడా తమిళంలో, ఇంగ్లిష్‌లో రాసి పెట్టి, మొదటిసారి లోపలికొచ్చిన తల్లిదండ్రులకి రెఫరీ అక్కడే చెప్పి బయటికి పంపించాలి, వేసవి సెలవుల పోటీలు మొదలయ్యేలోపే.

ఇట్లు,
ఒక టెన్నిస్ అభిమాని, టీ నగర్, చెన్నై